రిజిస్టరులో అందరూ మేరీలే

(బర్కెన్‌హెడ్, 1983)

డబ్లిన్ పడవ ఆరింటికి వస్తుంది.
ఏడున్నరకి నా గుమ్మం ముందు ఒక చిన్న సూట్‌కేసు,
దాని పక్కన ఎక్కడ నిలబడాలో తెలియని ఒక పిల్ల.
నేను పేరు అడగను. వాళ్లే రాస్తారు.
పదకొండేళ్లుగా నా రిజిస్టరులో అందరూ మేరీలే.
మేరీ మర్ఫీ, మేరీ బర్న్, ఇంటిపేరు లేని మేరీ.

ఒకతి మాత్రం మేరీ అని మొదలుపెట్టి, కొట్టేసి,
అట్రాక్టా అని రాసింది. స్లైగో. బడిలో భూగోళం చెబుతుందట.
'ఎంతమంది' అన్న గడి దగ్గర పెన్ను ఆగింది.
ఇద్దరు, అని రాసింది.
నేను ఒకరికే డబ్బు తీసుకున్నాను.

నా పని టీ కాయడం.
ముందు రాత్రి రొట్టె కాల్చి పెట్టడం,
తెల్లారాక పచ్చి మంచినీళ్లు కూడా ఇవ్వకపోవడం.
సాయంత్రం టాక్సీ దిగి, మెట్టుకొక్కసారి ఆగుతూ ఎక్కుతారు.
వేడినీళ్ల సంచీకి ఉన్ని తొడుగు వేసి
పొత్తికడుపు మీద నేనే పెడతాను.
దుప్పటికి మరకైతే క్షమించమంటారు.
దీపం ఆర్పమన్నా క్షమించమంటారు.
ఇన్ని క్షమాపణలు విన్నాను కదా,
ఒక్కటీ నాకు చెందినది కాదు.

శనివారాలు గేటవతల లిథర్లాండ్ నిలబడతాడు,
చేతిలో అట్ట, అట్ట మీద ఫోటో.
మంచివాడే. మా సిరిల్ శవపేటికకి భుజం పట్టాడు.
"మేవిస్, ఎన్ని ప్రాణాలో లెక్కపెడుతున్నావా?" అంటాడు.

లెక్కపెడుతున్నాను లిథర్లాండ్.
నా లెక్క నీకన్నా ముందే మొదలైంది.

నాకు నాలుగు పోయాయి.
మొదటిది ఎనిమిదో వారంలో, బస్సులో, కూర్చున్నచోటే.
రెండోది చర్చి సంతలో, జామ్ సీసాల బల్ల వెనక.
మూడోదానికి పేరనుకున్నాం.
నాలుగోదాని సంగతి సిరిల్‌కి కూడా పూర్తిగా చెప్పలేదు.
డాక్టరు చేతులు కడుక్కుంటూ
"బెంగపడకమ్మా, అక్కడ ఇంకా ఏమీ లేదు" అన్నాడు.
పాదిరి గంట కొట్టించలేదు, జానెడు నేల ఇవ్వలేదు.
అప్పుడు అది మనిషి కాదు.
ఇప్పుడు ఇంకొకతి కడుపులో
సరిగ్గా అంతే ఉన్నది మనిషట.
అవే నోళ్లు.

నాకు మాత్రం అప్పుడూ మనిషే.
అందుకని ఇప్పుడు కాదనలేను,
అయినా కెటిల్ పొయ్యి మీద పెడతాను.

పోయింది అంటే అయ్యో అంటారు.
తీయించుకుంది అంటే తలుపేస్తారు.
తడిసిన గుడ్డ ఒకటే, ఉతికే చెయ్యి ఒకటే,
నడుమ ఉన్నది ఒక మాట.
చిన్నమాటేం కాదది. నేనూ ఒప్పుకుంటాను.
ఆ మాట ఎవరు పలకాలన్నదే నాకు తెగదు.
అట్ట పట్టుకున్నవాడా?
చేతులు కడుక్కున్నవాడా?

అట్రాక్టా ఆ రాత్రి అడిగింది:
"మీకు పిల్లలా?"
లేరన్నాను.
చాలాసేపు గోడ గడియారం ఒక్కటే మాట్లాడింది.
"నామీద కోపం రావట్లేదా?"

అబద్ధం చెప్పొచ్చు. నోటి దాకా వచ్చింది.
"రాత్రి రెండింటికి వస్తుంది," అన్నాను.
"నువ్వు వాంతి చేసుకుంటుంటే
జుట్టు వెనక్కి పట్టుకున్నప్పుడు మాత్రం రాదు."

నవ్వింది. నవ్వితే నొప్పి పుట్టి
కడుపు పట్టుకుని, ఇంకా నవ్వి,
అది ఏడుపెప్పుడైందో ఇద్దరం గమనించలేదు.

పొద్దున చూస్తే మంచం తనే విప్పేసింది.
స్నానాల తొట్టిలో దుప్పటి చన్నీళ్లలో నానుతోంది.
నెత్తురుకి వేడినీళ్లు పనికిరావని
వాళ్లమ్మ చెప్పి ఉంటుంది.
మా అమ్మా చెప్పింది.

కిటికీలోంచి నది చూసి
"రాత్రి దీన్నేనా దాటొచ్చాను? పటంలో ఇంత వెడల్పుండదు," అంది.

ఆమె పేరు కింద గీత గియ్యలేదు నేను.
ఆ గడిలో ఉన్న మాట దిద్దలేదు.
లిథర్లాండ్‌కి చూపించలేదు; క్లినిక్ నర్సుకీ చూపించలేదు.
ఇద్దరూ దాన్ని తమ సాక్ష్యం అనేవాళ్లు.

గాలి ఎక్కువట, రేపు పడవ ఆలస్యమని రేడియో.
రొట్టె ఎండకుండా తడిగుడ్డ కప్పాను.
పై గదిలో దీపం అలాగే ఉంచాను.