మూడున్నర మూరలు

పుదుపేటలో బేరం ఇలా మొదలైంది:
"ఇది ఏ బండిది?"
"చచ్చిన బండిది."
అంతకుమించి మస్తానయ్య చెప్పడు.
గోనెపట్టా మీద పడుకోబెట్టిన అల్యూమినియం ముద్ద,
దాని కడుపులో రెండు రోటర్లు,
ఒకదాన్నొకటి తాకకుండా జడల్లా మెలిపడి.
వేలితో తిప్పాను.
లోపలెక్కడో గాలి గుటక వేసింది.

నాది మామూలు చిన్న కారు, ఎర్రది.
కంపెనీవాడు వెనకాల బెత్తెడు రెక్క అంటించి
పక్కన నల్లగీత గీసి
స్పోర్ట్ అని పేరు పెట్టాడు,
పిల్లికి పులిచారలు పూసినట్టు.
ఒప్పుకోవాలి, మలుపుల్లో అబద్ధమాడదు.
కత్తిపారా ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడే,
మూడో గేరులో,
దాని ఆయాసం నాకు వినిపించేది.

ఆయాసం నా వృత్తి.
రాత్రి డ్యూటీల్లో, అయిదో అంతస్తులో,
తమంతట తాము పీల్చుకోలేనివాళ్లకి
గొట్టంలోంచి గాలి పంపుతాను.
ఒక అంకె తక్కువైతే పెదాలు నీలం.
ఒక అంకె ఎక్కువైతే
ఆ మాట వార్డులో ఎవరం పైకి అనం.

"ఏందబ్బయా, బాగున్న ఇంజనుకి ఈ తద్దినం?"
పాడి వంతెన పక్క షెడ్డులో
మస్తానయ్య నెల్లూరు యాస ఇంకా తుప్పు పట్టలేదు.
నేను జవాబు చెప్పలేదు.
పన్నెండో మంచం పెద్దాయన సంగతి ఏం చెప్పను?
గొంతులో గొట్టం, చేతిలో పలక,
వణుకుతూ రాశాడు: ఇంకొంచెం.
మీట మీద వేలు పెట్టి
తిప్పకుండా తీసేశాను.

మొదటి ఆదివారం ఏసీ కంప్రెసర్ పక్కకి జరగనంది.
తీసి పారేశాం, మే నెలలో, మద్రాసులో!
రెండో ఆదివారం, అంబత్తూరు లేతు మీద కోయించిన బ్రాకెట్టు
ఒక్క నూలు తేడా.
మూడో ఆదివారం బెల్టు దగ్గర ఆగాం.
ఇనుప టేపు ఆ సందుల్లో వంగలేదు.
షెడ్డు ముందు పూలమ్మే సెల్వి
గంపలోంచి అరటినార తీసి, తనే లోపలికి వంగి,
పుల్లీ నుంచి పుల్లీకి, అక్కణ్ణుంచి క్రాంకుకి చుట్టి, తెంపి
మోచేతికి ఆనించి చూసింది.
మూడున్నర మూరలు.
మల్లెలైతే రెండొందలు, నారకి డబ్బులొద్దు పొమ్మంది.

ఇంజను తన బలంలోంచే కొంత తీసి దీన్ని తిప్పాలి.
ఇది తిరిగి, గాలి తెచ్చి, ఆ ఇంజను నోట్లోనే కుక్కాలి.
నాకు అర్థం కాలేదనుకుని మస్తానయ్య
"చీటీ పాట అబ్బయా,
ముందు కట్టాల, ఆనక పాడుకోవాల" అన్నాడు.

మేనకోడలు పెంచలరత్న
ముందు సీట్లో బాసింపట్టు వేసి, ఒళ్లో లాప్‌టాప్,
"తొమ్మిది దాకా పెట్టొచ్చంటున్నారు, ఎంత పెట్టను?"
"ఆరు."
"ఆరేనా?"
"పిస్టన్లు కంపెనీవే కదమ్మా."
మస్తానయ్య పొడుగు స్క్రూడ్రైవరు ఇంజనుకి ఆనించి
పిడిని చెవిలో పెట్టుకున్నాడు.
నేను బ్యాగులోంచి స్టెతస్కోపు తీశాను.
చెరో పక్కన వంగి విన్నాం,
గజ్జెలో రాయి పడ్డట్టు టక్కుమనే ఆ ఒక్క చప్పుడు కోసం.
రాలేదు.
ఎవరం ఏమీ అనలేదు.
రత్న మాత్రం బిస్కెట్ ప్యాకెట్ చింపింది.

తెల్లారి అయిదున్నరకి శ్రీపెరుంబుదూరు రోడ్డు.
డ్యూటీ దిగి నిద్రపోకుండా వచ్చాను.
అద్దాలన్నీ దించి, చొక్కా వీపుకి అంటుకుని,
మూడో గేరులో
కాలు నెమ్మదిగా, ఇంకా నెమ్మదిగా,
ఆ తర్వాత పూర్తిగా.
బానెట్టు కింద సన్నటి కూత లేచింది.
రోడ్డు ఒక్కసారిగా నా ఒళ్లోకి వచ్చి పడింది.
ముల్లు ఆరు దగ్గర ఆగింది. కారు ఆగలేదు.
ఇంకొంచెం, అన్నాను పైకే,
చెరువు గట్టూ లారీలూ వెనక్కి పోతుంటే,
ఎవరికి అన్నానో తెలీదు.

టోల్‌గేటు దగ్గర కుర్రాడు చిల్లరిస్తూ
చెవి రిక్కించి ఓ క్షణం విని
తల అడ్డంగా ఊపాడు:
"బెల్టు లూజైనట్టుంది సార్,
ఎవరైనా మంచి మెకానిక్‌కి చూపించుకోండి."