తొమ్మిది నిమిషాలు

నాలుగో రోజున టేపు పట్టుకుని వచ్చాడు
ఫైరాఫీసు కుర్రాడు.
తలుపు కొలిచాడు: నాలుగడుగుల రెండంగుళాలు.
"నూటపన్నెండు మంది. వరసగా వస్తే
మూడు నిమిషాల పని. తొమ్మిదెందుకు పట్టింది?"

నేను కాటా గుమాస్తాను.
టిక్కీ చూసి బరువు చెప్పగలను,
ఇదెలా చెప్పను?

పోపులో ఒక్క కాయ మాడితే వీధంతా తుమ్ముతుంది.
ఆ మధ్యాహ్నం ఏటుకూరు రోడ్డు గోదాములో
మాడినవి ఆరువేల టిక్కీలు.
కళ్ళు తెరిచినా మూసినా ఒకటే ఎరుపు.
ఎవరెక్కడున్నారో దగ్గుని బట్టి తెలియాలి.

తొడిమలు తీసే ఆడవాళ్ళ మేస్త్రి నాంచారమ్మ
తలుపవతల గోడకి వీపానించి,
కొంగుకి ఏసోబు తలగుడ్డ ముడేసి
లోపలికి విసిరింది. "పట్టుకోండే!"
పట్టుకున్నారు.
పట్టుకున్నవాళ్ళు పరిగెత్తలేరు కదా,
అందరికంటే వెనకున్న జాన్‌బీ కుంటి నడకే
అందరి నడక.

గుమ్మంలో పేరయ్య పడ్డాడు.
లేపుదామని ఏసోబు వంగాడు.
వంగిన వీపు మీద ఇంకొకరు, వాళ్ళ మీద ఇంకొకరు.
లేపబోయిన చేతులే తలుపుకి గడియ పడ్డాయి.
"గుమ్మంలో వంగకురా! గోడవారకి ఈడ్చి వంగు!"
నాంచారమ్మ కేకకి ఈడ్చాడు.
అడ్డు తీసిన బోదెలా జనం కదిలారు.

నేనా?
నా కాటా తలుపు పక్కనే.
అందరికంటే ముందు నేనే బయటపడ్డాను.
వెనక్కి చూడలేదు, చూసినట్టు ఎవరికీ చెప్పనూ లేదు.
రోడ్డు మీద నిలబడి లెక్కపెట్టాను, అదొక్కటే వచ్చు.
హాజరు పట్టీలో నూటపదకొండు, నాతో కలిపి.
జాన్‌బీతో సరిపోయింది.
"అయిపోయింది, వదిలెయ్ నాంచారమ్మా" అని అరిచాను.

వదల్లేదు.
"ఇంకా బరువుందయ్యా" అంది.

కొంగు కొసన, మోకాళ్ళ మీద,
ముందురోజే చేరిన ఒరియా కుర్రాడు.

ఆ తొమ్మిదిలో
మూడు కాళ్ళవి, రెండు ఏసోబు వంగినవి.
మిగతా నాలుగూ ఏ పద్దులో రాయాలో
నాకిప్పటికీ తేలలేదు.
కుర్రాడి పేరు బిభూతి.
నిన్ననే పట్టీలో ఎక్కించాను, చెయ్యి వణికి
రెండుసార్లు కొట్టేసి.

"తలుపు వెడల్పు చేయించండి" అని
టేపు చుట్టుకున్నాడు ఫైరాఫీసు కుర్రాడు.
చేయించాలి.
గుమ్మం పక్కన, గోడవారగా,
ఒక మనిషి వంగేంత చోటు కూడా.