లివింగ్ యెట్

పీటర్‌హెడ్ రేవులో వేలంపాట ముగిసి
ఐసు నీళ్ళు కాలవ కట్టి పోతుంటాయి కింద.
మేడ మీద మంగళవారం ఇంగ్లీషు క్లాసు.
ఆరుగురు. సబ్బుకి లొంగని మాకెరెల్ వాసన.

మిసెస్ డథీ బోర్డు మీద గళ్ళు గీసింది.
ఆల్రెడీ అంటే, అనుకున్నదానికన్నా ముందే జరిగిపోయింది.
స్టిల్ అంటే, ఈపాటికి ఆగాల్సింది, ఆగలేదు.
యెట్ అంటే జరగలేదు, చెవి మాత్రం తలుపు మీదే ఉంది.
"యెట్‌కి ముందు ఒక నాట్ ఉండాలి,
లేదా చివర ప్రశ్న ఉండాలి.
ఉత్త అవునులో అది నిలబడదు నాయనా."

నాయనా అన్నది ఓయార్స్‌ని.
వలలు లాగే పనికి లాత్వియా నుంచి వచ్చినవాడు.
వాళ్ళ భాషలో ఒకటే మాట, వేల్.
టీ మరికాస్త పొయ్యమన్నా వేల్,
పడవ రాలేదన్నా వేల్,
దీపం వెలుగుతోందన్నా వేల్.
అచ్చం మన ఇంకా లాగే,
ఒక్క గోనెసంచిలో మూడు దినుసులు.
అందుకే అతని హోంవర్కులో
"మై మదర్ ఈజ్ లివింగ్ యెట్" కింద ఎర్ర గీత.
పైన స్టిల్ అని దిద్దుబాటు.
పదిసార్లు రాశాడు, బుద్ధిగా.

మర్నాడు తెల్లారగట్ల గట్టు మీద
వలకి మాట్లు వేస్తున్న సాండీ స్ట్రాకన్
నోట్లో దారం తియ్యకుండానే అడిగాడు:
"ఈజ్ యర్ మిదర్ లివిన్ యెట్?"

ఓయార్స్ చేతిలో తాడు ఆగింది.
చివర ప్రశ్న ఉంది. రూలు సరిపోయింది.
అంటే, మీ అమ్మ బతకడం మొదలెట్టిందా అని.
ఎవరు చెప్పారు ఈ ముసలాడికి?
ముప్ఫై నాలుగేళ్ళు డబ్బాల ఫ్యాక్టరీలో
చేప తలకాయలు కోసిన మనిషి
పోయిన జూన్‌లో, అరవై ఎనిమిదో ఏట,
పసుపురంగు టోపీ కొనుక్కుని ఈత నేర్చుకుంది.
ఫోన్లో ఒకటే నవ్వు, ముక్కులోకి నీళ్ళు పోయాయని.

"ఎస్," అన్నాడు ఆలోచించి. "ఆల్రెడీ."

సాండీ దారం ఉమ్మేసి
అతన్ని కాసేపు చూశాడు.

మళ్ళీ మంగళవారం ఈ సంగతి విని
మిసెస్ డథీ నవ్వింది, కళ్ళజోడు తీసి తుడుచుకుంది.
"మా నాయనమ్మా అలాగే అనేది. ఇంట్లో నేనూ అంటాను.
క్లాసుకొచ్చేటప్పుడు ఆ యెట్‌ని
మెట్ల కింద గొడుగుతో పాటు వదిలేసి వస్తాను.
పరీక్షలో మాత్రం రాయకు."

నోటుబుక్కు అడిగి తీసుకుంది.
ఎర్ర గీత చెరపలేదు.
దాని పక్కన, పెన్సిలుతో,
సన్నగా ఒక టిక్కు పెట్టింది.