కొమ్ము బొడిపె

మా వీధిలో ఎదురెదురుగా రెండు కొట్లు.
ఒకదాని పెట్టె వెలిగితే నీలం,
ఇంకోదాని పెట్టె వెలిగితే ఆకుపచ్చ.
నీలం కోరాడ గవరయ్యది,
ఆకుపచ్చ బిసోయి గారి అల్లుడిది.
ఇటు అరుగు మీద ఆకురాయీ చేతిరంపమూ పెట్టుకుని
రెండు కొట్లకీ రిమోట్లు బాగుచేసేవాణ్ణి నేను.

రిమోట్లనకూడదట, కంట్రోలర్లట.
గుంటలు నవ్వుతారు. నవ్వనీ.
బొటనవేలి కింద బొడిపె అరిగిపోతే
పర్లాకిమిడిలో దొరకదు,
బరంపురం కబురెడితే వారం.
అంచేత గేదె కొమ్ము కోసి, నిప్పు చూపించి, వంచి,
అదే కొలతకి బొడిపె చేసి అతికిస్తాను.
ఒకప్పుడు ఇదే కొమ్ముతో కొంగల్ని చేసేవాణ్ణి.
కొంగలు కొనేవాళ్ళేరీ?

గంటకి ముప్పై అన్నాడు గవరయ్య.
పాతికన్నాడు అల్లుడు.
ఇరవై, పైన వేరుశనగ పొట్లం.
ఇరవై, ఫ్యాను కింద కుర్చీ.
దసరా నాటికి పదిహేను.
ఇద్దరూ మునిగితే తేలేదెవరు బాబూ అంటే
ఇద్దరూ నా వంక అదోలా చూశారు.

ఈలోగా ఒక కొత్త ఆట వచ్చింది,
నీలం పెట్టెలో తప్ప ఆడదట.
ఏ దేశంలోనో ఎవరో కాగితం మీద సంతకం పెట్టారు,
ఇక్కడ ఒకే సైకిలు మీద తిరిగే
శైలబాలా తవిటయ్యా
వీధికి చెరోవైపు అయిపోయారు.

ఆ ఆటలోనే రక్తం ఎక్కువట.
మునిసిపాలిటీ హాల్లో మీటింగు.
పాణిగ్రాహి మాస్టారు, వార్డు మెంబరు,
తలుపు విసిరికొట్టిన కొడుకుని రెక్క పట్టుకుని ఒక తండ్రి.
మర్యాదలు ఒడియాలో,
కోపాలు తెలుగులో.
తుపాకీ ఆట ఆడితే తుపాకీ పడతాడా అని ఒకరు,
మరి పేకాట చూస్తూ పెరిగిన నువ్వేటయ్యావని ఇంకొకరు.
మెంబరు బల్ల గుద్దాడు. టీలొచ్చాయి.

గవరయ్య లేచి చేతులు కట్టుకుని
"రక్తాన్ని ఆపేసే మీట ఉందండి" అన్నాడు.
నొక్కి చూపించాడు.
గుండు తగిలినవాడి ఒంట్లోంచి
పసుపుపచ్చ పూరేకులు రాలాయి.
పెద్దలందరూ హమ్మయ్య అనుకున్నారు.

వెనక వరసలోంచి శైలబాల:
"ఇప్పుడే బాగోలేదు సార్.
ఇందాకా ఆడ్ని కాలిస్తే నాకు గుండె దడదడలాడేది.
ఇప్పుడెంతమందినైనా కాల్చీగలను."

కూర్చోమన్నారు.

నన్నెవరూ అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణేమో,
నాకు పని నేర్పిన మహారణా గారింటి పెరట్లో
కొమ్ములు గోనెల్లో దిగేవని,
లోపలి ఎముక ఊడొచ్చేదాకా తొట్టెలో నానేసేవాళ్ళమని,
ఆ కంపుకి నేను మూడ్రోజులు అన్నం తినలేదని.
కొనడానికొచ్చినవాళ్ళు మాత్రం
నిగనిగలాడే కొంగని చెంపకానించుకుని
ఎంత చల్లగా ఉందో అనేవారు.
ఆ మీట మా వీధిలో
కరెంటు రాకముందు నుంచీ ఉంది.

తీర్మానం: పద్నాలుగేళ్ళ లోపు వాళ్ళకి ఆ ఆట లేదు.
గవరయ్య రిజిస్టరు పెట్టాడు.
మా వీధి గుంటలందరూ ఒకే ఏడు పుట్టారు అందులో.
అల్లుడు రిజిస్టరు లేకుండా ఇరవై అన్నాడు,
ఆ ఆట తన పెట్టెలో ఆడకపోయినా
దాని అన్నదమ్ముడొకటి తెచ్చి.
నిషేధానికీ రేటు పుట్టింది.
ఏరు దాటితే పాతపట్నం.
అక్కడ తీర్మానం లేదు,
వంతెన మీద సాయంత్రం సైకిళ్ళే సైకిళ్ళు.

నిన్న రాత్రి కరెంటు పోయింది.
నీలమూ లేదు, ఆకుపచ్చా లేదు.
ఇద్దరూ నా అరుగు మీదికొచ్చి కూర్చున్నారు,
కాస్త ఎడంగా.
శైలబాల కొత్త బొడిపెని దీపానికెత్తి పట్టింది.
"ఇదేటి, లోపల ఎర్రగా?"
"జీర."
"గీకీలేదా?"
"లేదు."
తవిటయ్య తీసుకుని చూశాడు.
బొటనవేలు ఆనించి, తీసి, మళ్ళీ ఆనించాడు.

కరెంటొచ్చింది. వీధి సగం నీలం, సగం పచ్చ.
ఎవరు ఎటు పరిగెట్టారో చూడలేదు,
ఇంకో బొడిపె సగంలో ఉంది నా చేతిలో.