మంచు మందం

మా నాన్న తౌనో ఉద్యోగం
గడ్డకట్టిన బోత్నియా అఖాతానికి కన్నాలు వెయ్యడం.
ద్వీపానికెళ్ళే మంచుదారి పొడుగునా
రెండు వందల మీటర్లకొకటి,
బరమా తిప్పి, కొలకర్ర దించి,
ఎన్ని సెంటీమీటర్లో రాసుకొస్తాడు.
పలచబడ్డ చోట స్ప్రూస్ కొమ్మలు పాతుతాడు
అడ్డంగా. అంటే, ఇటు రావద్దని.
ఆ చీటీ మా ఫ్రిజ్ తలుపు మీద ఉంటుంది.
నలభై రెండు. నలభై ఒకటి. ముప్ఫై ఎనిమిది.
ఊళ్ళోవాళ్ళు ఫోన్ చేసి మరీ అడుగుతారు.

ఆ శీతాకాలం మా అన్న ఐనార్‌కి పదహారు.
నవంబరులో హాకీ మానేశాడు.
"మోకాలు," అన్నాడు. మోకాలే అనుకున్నాం.
నిలబడి తినడం మొదలెట్టాడు, సింకు పక్కన,
రైలు తప్పిపోతుందన్నట్టు.
"ఎదిగే ఒళ్ళు," అంది అమ్మ.
తెల్లవారుజాము నాలుగింటికి గోడ అవతల
కుర్చీ చక్రాలు అటూ ఇటూ.
"చీకటి రోజులు కదా, ఎవరికి పడుతుంది నిద్ర?"
నిజమే, డిసెంబరులో మా దగ్గర సూర్యుడు
అప్పిచ్చినవాడి వాకిలి ముందు నుంచి వెళ్ళేవాడిలా
వంగి, గబగబా దాటిపోతాడు.

బడి నుంచి ఉత్తరం వచ్చింది.
అమ్మ చదివింది. నాన్న చదివాడు.
దాని మీద కాఫీ కప్పు పెట్టారు.
కావాలని కాదు. బల్ల మీద చోటు లేక.

ఫిబ్రవరిలో మంచివాడైపోయాడు.
దీన్ని ఎలా చెప్పాలో నాకిప్పటికీ తెలీదు.
గది ఊడ్చాడు. నాన్నమ్మ ఐలీకి కాలిగోళ్ళు తీశాడు.
గిటారు మావయ్య కొడుక్కి. పుస్తకాల పెట్టె లైబ్రరీకి.
నాన్నమ్మ మురిసిపోయింది,
"వీడి చేతికి ఎముక లేదర్రా!"
నాకు తన స్కేట్లు ఇచ్చాడు,
కొత్త లేసులు ఎక్కించి, పదును పెట్టించి మరీ.
పన్నెండేళ్ళదాన్ని. నాలుగు సైజులు పెద్దవి.
రెండు జతల మేజోళ్ళు కుక్కుకుని
బ్లేడ్లకి తొడుగులతో వంటింట్లో నడిచాను.
అందరం నవ్వాం. వాడూ నవ్వాడు.
ఆ నవ్వుని మేం గెలుపు కింద జమ వేసుకున్నాం.

మార్చి మొదట్లో ఓ రాత్రి, భోజనాల దగ్గర నాన్న అన్నాడు,
"పాడే మంచుతో పేచీ లేదు.
కీచుమంటుంది, ఉరుముతుంది, అయినా మోస్తుంది.
ఎండ తగిలాక నోరు మూసుకుంటుంది చూడు,
అప్పుడు దాని మీద కాలు పెట్టొద్దు."
ఐనార్ బంగాళాదుంప తొక్క తీస్తూ
"ఎన్నాళ్ళుంటుంది నాన్నా, దారి?" అన్నాడు.
"ఇంకో పది రోజులు," అని నాన్న
ఉప్పు ఇటివ్వమన్నాడు.

పదకొండో రోజు వేకువన
దారికి గేటు దింపడానికొచ్చిన
రోడ్ల శాఖ ట్రాక్టరావిడ, సల్మె అట పేరు,
స్ప్రూస్ కొమ్మలు దాటి నడుస్తున్న మనిషిని చూసింది.
అరవలేదు. లైట్లు ఆర్పేసింది.
"ఏమయ్యా, చలిగా లేదూ?" అంది.
వాడు ఆగాడు.
గంటన్నర ఆ ట్రాక్టరులో కూచున్నారు
ఒకే ఫ్లాస్కు మూతలో మార్చి మార్చి తాగుతూ.
నాలుగు నెలలుగా మా నోట రాని ప్రశ్న.
చూస్తే ఎంత? మూడు మాటలు.

నాన్న చీటీ ఫ్రిజ్ మీంచి తీసేశాడు.
మరుసటి ఏడు మళ్ళీ పెట్టాడు, ఉద్యోగం కదా.
వారానికి రెండుసార్లు జిల్లా ఆసుపత్రికి
నూట పది కిలోమీటర్లు. కారులో రేడియో పెట్టరు.
అమ్మ ఇప్పుడు మరీ ఎక్కువ అడుగుతుంది,
తలుపు కొట్టి, మళ్ళీ కొట్టి.
వాడు విసుక్కుంటాడు. విసుక్కోనీ.

స్కేట్లు నా మంచం కిందే ఉన్నాయి.
వేసుకోలేను. పారెయ్యలేను.

మొన్న అక్టోబరులో, తొలి మంచు పడ్డ రోజు,
తలుపు తోసుకుని వచ్చాడు వాడు.
"నా స్కేట్లేవే?"
"నాకిచ్చేశావుగా."
"నేనివ్వలేదు."
"ఇచ్చావు."
"నాలుగు సైజులు పెద్దవి, నీకెందుకిస్తాను!"
జుట్టూ జుట్టూ పట్టుకున్నాం.
అమ్మ పిండిచేతులతో పరిగెత్తుకొచ్చి
గుమ్మంలో ఆగిపోయింది
మమ్మల్ని విడదీయడం మర్చిపోయి.