వాబిల్

దూదేకేటోళ్ల ఇంట్ల
వాన పేరు పెడ్తరా ఎవరన్న?
పరకాలల నవ్వని మనిషి లేడట.

తాత జిలానీ
ఏకే విల్లు గోడకానిచ్చి
మౌల్సాబును అడిగిండట:
అరబ్బీల వానకు పేర్లెన్ని?
తుంపరకొకటి, ముసురుకొకటి,
గట్లు తెంపే జోరు వానకు వాబిల్.
"గదే రాయి" అన్నడట.
చెర్వు మూడేండ్లు పర్రెలిచ్చి ఉన్నది అప్పటికి.

బడిల సారుకు నోరు తిరగక
బాబులాల్‌ని చేసిండు.
రేషన్ కార్డుల వాబెల్లి.
ఓటరు చిట్టీల ఆడమనిషిని.
అమ్మ ఒక్కతే "వాబీ" అని పిలిచేది,
రేకుల మీద పడ్డ మొదటి చినుకంత.

ఇప్పుడు ఎనుమాముల మార్కెట్ల హమాలీని.
మొగులు కమ్మితే చాలు
పత్తి బస్తాల సందులకెల్లి కేకలు:
"వాబిల్! ఉరుకు, పట్టా కప్పు, వాబిల్!"
నా పేరుతోని పిలిచి
నన్నే ఆపుమంటరు.

నిన్న ఆపలేకపోయిన.
పర్వతగిరి నుంచొచ్చిన ముసలమ్మ
తడిసిన పత్తిని పిడికిట్ల పిండుకుంట
నా దిక్కు చూసింది.
ఇంత ఉరికినవు, నీ పేరేంది కొడుకా అన్నది.

బాబులాల్, అన్న.