శిఖం

అడ్వాన్సు చెక్కు మీద సంతకం పెట్టబోతూ
టీ తాగుదామని కిందికి దిగాను.

సెల్లార్లో వాచ్‌మన్ బుగ్గయ్య
గోడ మీద గీత చూపించాడు,
నడుమెత్తున,
మూడుసార్లు సున్నం కొట్టినా పైకి తేలిన గీత.
"మొన్నటి వానదా?"
"వాన మొన్నటిదే సారూ, నీళ్లు పాతయి.
మేం నీరటోళ్లం.
ఈడనే ఉండె తూము,
మీరు బండి పెడతానన్న కాడ.
మా తాత తూము ఎత్తే ముందు
రాతి మీద నిరుటి గీత చూసేటోడు."

జిల్లెళ్లకుంట కాలనీ.
ఆటోవాళ్లకు ఎన్నిసార్లు చెప్పానో ఈ పేరు!
కుంట ఏదీ అని
ఒక్కనాడూ అడగలేదు నా నోరు.

మండలాఫీసులో జహీదా బేగం
చెదలు వదిలిపెట్టినంత మేర
పాత పహాణీ తిప్పింది.
ఉర్దూ అక్షరాల మీద ఆమె వేలు ఆగింది.
చదివి పెట్టమన్నాను.
"శిఖం" అంది,
పేజీ మూయకుండా నా మొహం చూసింది.

బయట ఎండ.
ఊరంతా ఎంత పొడిగా ఉందో,
ఎంత నమ్మబుద్ధేస్తుందో!

బిల్డరు ఫోను.
ఇవాళే తేల్చేస్తే
ఇంకో పార్కింగు ఉచితమట.

తూము దగ్గరేనా,
అని అడిగాను.